ఇండియా గేట్ వ్యాసం మీద నా అభ్యంతరాలు

మన క్లబ్బులో కవిత రాయమంటే ఇరవై చేతులు లేస్తాయి. కథ అంటే ఓ పది. వ్యాసం అనగానే అందరికీ ఫోన్లో ఏదో అర్జెంటు మెసేజ్ వస్తుంది. ఇక ఇంకొకరు రాసిన వ్యాసాన్ని ముందేసుకుని, ఒక్కో వాక్యం దగ్గరా ఆగి "ఇది నీకెలా తెలుసు?" అని అడిగే పనైతే సాహిత్యమే కాదని చాలామంది నమ్మకం. నేను ఈ సెమిస్టర్ ఆ పనే చేశాను. తెవికీలో పెట్టడానికి మనవాళ్ళు రాసిన డ్రాఫ్టుల్లో నా వంతుకి ఇండియా గేట్ వచ్చింది. రాసింది సెకండియర్ తమ్ముడు. పేరు చెప్పను, కానీ ఇది రాస్తానని అతనికి చెప్పే రాస్తున్నా.

డ్రాఫ్ట్ చదవడానికి హాయిగా ఉంది. అక్షరదోషాలు లేవు, వాక్యాలు సాఫీగా సాగిపోతాయి. మొదటి వాక్యం ఇది: "భారత స్వాతంత్ర్యం కోసం ప్రాణాలర్పించిన 70,000 మంది అమరవీరుల పేర్లు చెక్కిన మహోన్నత స్మారక చిహ్నం ఇండియా గేట్." స్కూల్లో స్పీచ్ పోటీలో చదివితే చప్పట్లు ఖాయం. కానీ ఇందులో నిలబడే మాటలు రెండే: ఒకటి స్మారక చిహ్నం, రెండు ఇండియా గేట్.

ముందు అంకెల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ ఇండియా సైనికుల సంఖ్య 74,187 అని ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. ఇండియా గేట్ ఆ మొత్తం మంది జ్ఞాపకార్థం కట్టిందే, అందులో తప్పు లేదు. కానీ గేట్ మీద చెక్కిన పేర్లు 13 వేల పైచిలుకు మాత్రమే. ఆ పదమూడు వేల తర్వాత ఎంత అన్నదాంట్లో కూడా ఒక చోట 13,300 దాకా అనీ, ఇంకోచోట 13,516 అనీ ఉంటుంది. డెబ్భై వేల పేర్లు మాత్రం లేవు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో గేట్ మీది ఇంగ్లీషు శాసనం చదివితే తెలిసిపోతుంది. శాసనంలో రెండు భాగాలున్నాయి. ఫ్రాన్స్, ఫ్లాండర్స్, మెసొపొటేమియా, పర్షియా, తూర్పు ఆఫ్రికా, గల్లిపోలి లాంటి చోట్ల చనిపోయి అక్కడే గౌరవం పొందుతున్నవాళ్ళు మొదటి భాగం. ఇండియాలో, వాయవ్య సరిహద్దులో, మూడో అఫ్ఘాన్ యుద్ధంలో చనిపోయి, ఇక్కడ పేర్లు నమోదైనవాళ్ళు రెండో భాగం. గేట్ మీది పేర్లు ఈ రెండో గుంపువి. అంటే ఫ్రాన్స్‌లో చచ్చిపోయిన సిపాయి పేరు కోసం ఢిల్లీలో వెతికితే దొరకదు.

"అక్కా, అయితే 74,187లోంచి 13,300 తీసేసి మిగతావాళ్ళు విదేశాల్లో చనిపోయారని రాసేద్దామా?" అన్నాడు తమ్ముడు. అలా తీసేయకూడదు. ఆ పదమూడు వేలలో సరిహద్దులో చనిపోయిన బ్రిటిష్ అధికారులు, సైనికులు కూడా ఉన్నారు, 1919లో చనిపోయిన ఒక నర్సు పేరు కూడా ఉంది. పైగా ఆ లెక్క వేరే లెక్క, ఈ లెక్క వేరే లెక్క. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో వెన్ డయాగ్రాం గీసి మార్కులు తెచ్చుకున్న మనమే, వ్యాసం రాసేటప్పుడు ఒకదానిలో ఒకటి ఇమడని రెండు సెట్లని తీసివేతలు చేసేస్తాం. వ్యాసంలో రాయగలిగింది ఇంతే: 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి, ఫలానా మూలం ఇంత అంటోంది, ఫలానా మూలం అంత అంటోంది. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ చదివినవాడికి అబద్ధం చెప్పదు.

ఇక్కడ ఒక పక్కదారి పట్టక తప్పదు, ఎందుకంటే నాకు ఈ వ్యాసం పట్ల నిజంగా పట్టుదల పుట్టింది ఇక్కడే. ఫ్రాన్స్‌లో చనిపోయినవాళ్ళ పేర్లు ఢిల్లీలో లేకపోతే ఎక్కడున్నాయి? న్యూవ్ షాపెల్ అనే ఊళ్ళో. అక్కడ 1927లో హెర్బర్ట్ బేకర్ డిజైన్‌తో కట్టిన స్మారకం మీద 4,700కు పైగా భారతీయ సైనికుల పేర్లున్నాయి. సరే. మరి మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ సంగతి? ఇండియా నుంచి ఎక్కువమందిని పంపింది అక్కడికే. అక్కడ బస్రా స్మారకం ఉంది, 1929లో ఆవిష్కరించారు. సమాధి తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టింది. దాని మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారతీయ అధికారుల పేర్లున్నాయి. మామూలు భారతీయ సిపాయిల పేర్లు లేవు. ఫలానా రెజిమెంటు, ఇంతమంది. అంతే. పేరుండాల్సిన చోట ఒక అంకె.

ఈ స్మారకాలన్నీ చూసుకున్నది 1917లో పెట్టిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్. ఇప్పుడు దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. హోదా, జాతి, మతం చూడకుండా చనిపోయినవాళ్ళందరికీ సమాన గౌరవం అన్నది వాళ్ళు మొదటినుంచీ చెప్పుకున్న సూత్రం. ఐరోపాలో చాలావరకు పాటించారు. ఐరోపా దాటాక పాటించలేదని 2021లో వాళ్ళ కమిటీయే నివేదిక ఇచ్చింది. 45,000 నుంచి 54,000 మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదని, కనీసం మరో 1,16,000 మందిని పేరుతో స్మరించలేదని లేదా అసలే స్మరించలేదని, ఆ రెండో సంఖ్య మూడున్నర లక్షల దాకా వెళ్ళొచ్చని అందులో ఉంది. వాళ్ళలో ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు. కమిషన్ క్షమాపణ చెప్పింది.

బస్రా స్మారకం ఇప్పుడు మొదట కట్టిన చోట కూడా లేదు. 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం దాన్ని రేవు దగ్గర్నుంచి తీసి నసీరియా వెళ్ళే రోడ్డులో ఎడారిలోకి మార్చింది. పేర్లు లేని ఆ రాళ్ళని అలా కూడా కదిలించారు.

ఇదంతా తెలిశాక "70,000 మంది పేర్లు చెక్కారు" అన్న వాక్యం నాకు మామూలు ఫ్యాక్చువల్ ఎర్రర్‌లా అనిపించలేదు. ఎవరి పేర్లు రాయలేదో వాళ్ళ పేర్లు రాశామని మనం తెలుగులో చెప్తున్నాం. వాళ్ళ పేర్లు రాయలేదన్న విషయం అక్కడితో మాయమైపోతుంది. రాతి మీద జరిగిన అన్యాయాన్ని మన వ్యాసం పైనుంచి తెల్లసున్నం కొట్టి కప్పేస్తోంది, అదీ గౌరవం పేరుతో.

ఇక "స్వాతంత్ర్యం కోసం" అన్న మాట. ఇది తమ్ముడి సొంత కల్పన కాదు, పాపం. ఇండియా గేట్ మీద తొంభై ఐదు వేల మంది స్వాతంత్ర్య సమరయోధుల పేర్లున్నాయని, అందులో ఏ మతం వాళ్ళవి ఎన్నో లెక్కలతో సహా ఒక ఫార్వర్డ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది, వెతికి చూడండి. అంత ఖచ్చితమైన అంకెలుంటే నిజమే అనుకుంటాం. ల్యాబ్ రికార్డులో రీడింగులు కల్పించి రాసినవాళ్ళకి ఈ కిటుకు బాగా తెలుసు: గుండ్రటి అంకె వేస్తే ఎక్స్‌టర్నల్‌కి అనుమానం వస్తుంది, దశాంశాలు వేస్తే రాదు.

నిజానికి తేదీలే అంతా చెప్పేస్తాయి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. మే 6న మూడో అఫ్ఘాన్ యుద్ధం మొదలు. మధ్యలో మూడు వారాలు. ఆ యుద్ధం దేనికోసం? విదేశీ వ్యవహారాల్లో బ్రిటిష్ పెత్తనం వదిలించుకుని పూర్తి స్వతంత్రంగా ఉండాలని అఫ్ఘాన్ రాజు అమానుల్లా మొదలుపెట్టింది. ఆగస్టులో రావల్పిండిలో ఒప్పందం జరిగింది. అఫ్ఘానిస్తాన్‌లో ఆగస్టు 19ని స్వాతంత్ర్య దినంగా జరుపుకునేది అందుకే. ఇండియా గేట్ గురించి రాస్తూ ఎవరి స్వాతంత్ర్యమైనా ప్రస్తావించాలంటే ముందు అఫ్ఘాన్లది ప్రస్తావించాలి. ఆ గోడ మీది పేర్లలో కొన్ని, ఆ స్వాతంత్ర్యాన్ని ఆపడానికి పంపితే వెళ్ళి చనిపోయినవాళ్ళవి.

శంకుస్థాపన 1921 ఫిబ్రవరి 10న, బ్రిటిష్ రాజు బంధువు డ్యూక్ ఆఫ్ కన్నాట్ చేతుల మీదుగా. సహాయ నిరాకరణ ఉద్యమం నడుస్తున్న రోజులవి, ఆయన పర్యటనని కాంగ్రెస్ బహిష్కరించింది. ఆవిష్కరణ 1931 ఫిబ్రవరి 12న, వైస్రాయ్ ఇర్విన్. సరిగ్గా ఐదు రోజులకి, ఫిబ్రవరి 17న, అదే ఇర్విన్ ఎదురుగా గాంధీ చర్చలకి కూర్చున్నాడు. మార్చి 23న భగత్ సింగ్‌ని ఉరితీశారు. స్వాతంత్ర్య పోరాటం ఈ గేట్ చుట్టూ అన్ని పక్కలా జరుగుతోంది, గేట్ మాత్రం సామ్రాజ్యం తన కోసం కట్టుకున్నది.

అలాగని ఆ సిపాయిల్ని తెల్లవాళ్ళ తొత్తులు అనేయడం కూడా సోమరితనమే. రెండో రౌండు డ్రాఫ్టులో తమ్ముడు సరిగ్గా అటువైపు దూకాడు: "వలసపాలకుల కోసం బానిసల్లా పోరాడిన" అని. పదాతి సిపాయికి నెలకి 11 రూపాయల జీతం. దాని కోసం వెళ్ళినవాళ్ళున్నారు, కులంలోనో వంశంలోనో ఉన్న ఆనవాయితీ కొద్దీ వెళ్ళినవాళ్ళున్నారు, గ్రామాధికారుల ఒత్తిడికి వెళ్ళినవాళ్ళున్నారు. యుద్ధంలో సాయపడితే స్వపరిపాలన వస్తుందని దేశం మొత్తం ఆశపడ్డ కాలం అది, 1918లో గాంధీ అంతటివాడు ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని చెప్పాడు. ఎన్‌సైక్లోపీడియా వ్యాసం వాళ్ళని మెచ్చుకోనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. ఎవరు, ఎక్కడ, ఎవరి సైన్యంలో, ఎప్పుడు. ఇవి చెప్పి పక్కకి తప్పుకుంటే చాలు.

తెలుగులో ఇది చెప్పినంత తేలిక కాదు. ఇంగ్లీషులో 'డైడ్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మనకి చావుకి ఎన్ని మాటలో! అమరులయ్యారు, వీరస్వర్గం అలంకరించారు, అసువులు బాశారు, నేలకొరిగారు, ప్రాణాలర్పించారు, హతమయ్యారు. ప్రతి మాటా ఏదో ఒక పక్షం తీసుకుంటుంది. న్యూస్ చానెళ్ళు చూసీ చూసీ "చనిపోయారు" అంటే మనకే అగౌరవంగా వినిపిస్తోంది. తమ్ముడు డ్రాఫ్టులో "అమర" అన్న మాట 14 సార్లు వాడాడు. అమర్ జవాన్ జ్యోతి అన్న పేరు దగ్గర తప్ప అన్నిచోట్లా కొట్టేశాను. "మరీ పొడిగా అయిపోయింది అక్కా" అన్నాడు. అవ్వాలి మరి. "బస్రాలో వాళ్ళ పేర్లు చెక్కలేదు" అన్న వాక్యం పొడిగా ఉంటేనే గుచ్చుకుంటుంది. పక్కన "మహోన్నత త్యాగధనులైన" అని పెడితే ఆ గుచ్చుకోవడం పోతుంది.

మిగతా దిద్దుబాట్లు త్వరగా చెప్పేస్తా. డిజైన్ చేసిన ఎడ్విన్ లట్యెన్స్ పేరు డ్రాఫ్టులో మూడు రకాలుగా ఉంది, ఒకటి చేశాం. ఎత్తు 42 మీటర్లు, సరిపోయింది. అమర్ జవాన్ జ్యోతిని 1931 నాటి కట్టడంలో భాగంగా రాశాడు. అది 1971 యుద్ధం తర్వాత పెట్టింది, 1972 జనవరి 26న ఇందిరా గాంధీ ప్రారంభించింది. 2022 జనవరి 21న ఆ జ్యోతిని పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపేశారు. ఆ జాతీయ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది, అది వేరే వ్యాసం. గేట్ వెనక ఛత్రం కింద ఐదో జార్జి విగ్రహం ఉండేది, 1968లో తీసి కారొనేషన్ పార్కుకి పంపారు. ఆ చోటు అర్ధ శతాబ్దం పైగా ఖాళీగా ఉండి, 2022 సెప్టెంబర్‌లో సుభాష్ చంద్రబోస్ విగ్రహం వచ్చింది. జ్యోతిని కదపడం మంచిదా చెడ్డదా అన్నదాని మీద డ్రాఫ్టులో ఒక పేరా వాదన ఉంది. బాగా రాశాడు. తీసేశాను. ఈ మ్యాగజైన్‌కి పంపమన్నా, తెవికీకి కాదు.

మేం నిజంగా గొడవపడింది ఒక్క వాక్యం దగ్గర. "ఈ యుద్ధంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు." మూలం ఏదీ అంటే లేదు. "మనవాళ్ళ గురించి ఒక్క ముక్కైనా లేకపోతే మనవాళ్ళు ఎందుకు చదువుతారు అక్కా?" అన్నాడు. అడిగింది న్యాయమే. మద్రాస్ శాపర్స్‌లో తెలుగువాళ్ళు ఉండేవాళ్ళు. శాపర్లంటే సైన్యంలో వంతెనలు, రోడ్లు, కందకాలు చూసుకునే ఇంజనీరింగ్ విభాగం, మన సివిల్ బ్రాంచి వాళ్ళకి పూర్వీకులన్నమాట. వాళ్ళు మెసొపొటేమియాకీ వెళ్ళారు. హైదరాబాద్ సంస్థానం పంపిన లాన్సర్లు పాలస్తీనా వైపు పోరాడిన అశ్విక దళంలో ఉన్నారు, ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్ళకి గుర్తు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరు పడ్డ ఊరు మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ సైన్యంలోకి మనుషుల్ని పంపుతోంది. ఇవన్నీ చెప్పొచ్చు, వాటి వాటి వ్యాసాల్లో. "పెద్ద సంఖ్యలో" అని మాత్రం అనలేం. సంఖ్య లేకుండా "పెద్ద" అని ఎలా అంటాం? అతను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ వాక్యం ఇప్పటికి చర్చ పేజీలో ఉంది, వ్యాసంలో లేదు.

ఈ మొత్తం పని చూసి క్లబ్బులో ఒకరిద్దరు అన్న మాట: ఇంగ్లీషులో అంతా ఉంది కదా, తెలుగులో ఎవరు చదువుతారని ఇంత చాదస్తం? నాకు సరిగ్గా తిరగేసి అనిపిస్తుంది. ఇంగ్లీషు వ్యాసంలో తప్పు దొర్లితే దాన్ని చూసే కళ్ళు వేలల్లో ఉంటాయి, సాయంత్రానికి ఎవరో ఒకరు దిద్దుతారు. 2003 నుంచి తెవికీని కొద్దిమంది ఓపికగా మోసుకొస్తున్నారు, వాళ్ళెంతని చూస్తారు? తెలుగులో పడ్డ తప్పు ఏళ్ళ తరబడి అలాగే కూర్చుంటుంది. ఈలోపు దాన్ని ఎవరో గ్రూప్స్ కోచింగ్ మెటీరియల్‌లో వేస్తారు, స్కూల్ పిల్లాడు ప్రాజెక్టులో రాస్తాడు, యూట్యూబ్ వాయిస్ ఓవర్ చదువుతుంది. ఇప్పుడైతే చాట్‌బాట్‌లు కూడా. తెలుగులో అడిగితే తెలుగులో దొరికింది చదువుకునే కదా అవి జవాబిచ్చేది. వాటికి పెట్టే తిండి తక్కువ కాబట్టి, పెట్టిన ప్రతి ముద్దా లెక్కలోకి వస్తుంది. రేపు ఎవరైనా "ఇండియా గేట్ మీద ఎవరి పేర్లున్నాయి?" అని తెలుగులో అడిగితే తమ్ముడి మొదటి వాక్యం తిరిగి రాకూడదన్నదే నా చాదస్తం.

ఇంకో మాట కూడా అన్నారు, రివ్యూ పేరుతో జూనియర్ ఉత్సాహం చంపేస్తున్నానని. ఇది కొంచెం గుచ్చుకుంది. అయితే ఆ తమ్ముడే మూడో రౌండుకి వచ్చేసరికి నన్ను అడగడం మొదలుపెట్టాడు. "శాసనంలో పేర్లు నమోదైనవాళ్ళు అంటోంది కదా, మరి సరిహద్దులో చనిపోయిన కూలీల పేర్లు ఉన్నాయా? సైన్యంతో పాటు వంటవాళ్ళు, మ్యూల్ డ్రైవర్లు లక్షల్లో వెళ్ళారంటారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కలిసి వెతుకుతున్నాం. ఉత్సాహం చచ్చినవాడు అడిగే ప్రశ్నలా ఇవి?

వ్యాసం మొదటి వాక్యం ఇప్పుడిలా ఉంది: "ఇండియా గేట్ ఢిల్లీలో ఉన్న యుద్ధ స్మారకం, మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, 1919 అఫ్ఘాన్ యుద్ధంలోనూ చనిపోయిన బ్రిటిష్ ఇండియా సైన్యపు సైనికుల జ్ఞాపకార్థం కట్టారు." రెండో పేరాలో పేర్ల లెక్క, రెండు మూలాలతో. తర్వాత బస్రాకి ఒక లింకు. అది ఎర్రగా కనిపిస్తుంది, అంటే మేం పెట్టిన పేరుతో వ్యాసం ఇంకా లేదు. ఆ పని ఎవరైనా తీసుకుంటారా? ఇంగ్లీషు నుంచి గూగుల్‌లో తర్జుమా చేసి అతికించేవాళ్ళు మాత్రం వద్దు.

ఇంకో చిన్న పని, దీనికి రాయడం రానక్కర్లేదు. ఆ యుద్ధం అయ్యాక దేశంలో చాలా ఊళ్ళలో చిన్న రాతి పలకలు పెట్టారు: ఈ ఊరి నుంచి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది చనిపోయారు అని. వాటి మీద కూడా చాలాసార్లు పేర్లుండవు, అంకెలే. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పెట్టారు. ఈ సెలవులకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు మీ ఊరి చావడి గోడ, పాత తాలూకా కచేరీ, బడి అరుగు ఒకసారి చూడండి. పలక దొరికితే అక్షరాలు కనిపించేలా పగటి వెలుతురులో ఫొటో తీసి, ఏ గోడకి ఉందో రాసి పంపండి. ఆ అంకెలో ఉన్నవాళ్ళ పేర్లు తెలిసిన తాతలెవరైనా ఉంటే, ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి, ఫొటో తర్వాత తీసుకోవచ్చు.